ఫైల్ ఎక్కడికీ పోలేదు, వరుసలో వెనకబడింది!



ప్రాజెక్టుల గడువు దగ్గర పడగానే చాలా ఇళ్లలో వినిపించే మాట: "నిన్న సేవ్ చేశాను, ఇప్పుడు కనబడట్లేదు!" ఫైల్ అక్కడే ఉంటుంది, కానీ ముప్పై ఫైళ్ల నడుమ కంటికి ఆనదు. ఆ తొందరలో పిల్లలు పాత ప్రతిని సమర్పిస్తే వారం రోజుల శ్రమ లెక్కలోకి రాదు. రెండు చిన్న అలవాట్లతో దీన్ని తప్పించవచ్చు.

మొదటిది: కొత్త ఫైల్ పైన కనిపించేలా చేయడం

నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కితే ఒక విండో వస్తుంది. అందులో ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, సార్ట్ బైలో డేట్ మాడిఫైడ్, ఆపై డిసెండింగ్ ఎంచుకోవాలి. చివరగా మార్చిన ఫైల్ పైకి వస్తుంది.

కోడింగ్ నేర్చుకునే పిల్లలు వీఎస్ కోడ్ వాడుతుంటే, సెట్టింగ్స్‌లో 'ఎక్స్‌ప్లోరర్ సార్ట్ ఆర్డర్' అని వెతికి 'మాడిఫైడ్' ఎంచుకోవాలి. ఎడమవైపు జాబితాలో ఫైళ్ల వరుస మారుతుంది.

రెండోది: పేరులోనే వరుస పెట్టడం

పై సెట్టింగ్ ఆ ఒక్క కంప్యూటర్‌కే పరిమితం. పెన్‌డ్రైవ్ బడి ల్యాబ్‌కు వెళ్తే అక్కడి వరుస వేరే కావచ్చు. పైగా, పాత ఫైల్‌ను ఈరోజు మెయిల్ నుంచి డౌన్‌లోడ్ చేస్తే దానికి ఈరోజు తేదీయే పడవచ్చు. ఫైల్ పేరు మాత్రం ఎక్కడికి వెళ్లినా వెంటే ఉంటుంది.

ఉదాహరణకు, ధర్మవరం నుంచి హిందూపురం వరకు దారిలోని ఊళ్లపై ప్రాజెక్టు చేస్తున్నారనుకుందాం. పేర్ల వరుసలో కొత్తచెరువు ముందుంటుంది, ధర్మవరం తర్వాత వస్తుంది. దారి సంగతి కంప్యూటర్‌కు తెలియదు కదా! మనమే చెప్పాలి:

01_ధర్మవరం
02_కొత్తచెరువు
03_పెనుకొండ
04_హిందూపురం

1 బదులు 01 ఎందుకు? విండోస్ ఫోల్డర్లలో 2 తర్వాతే 10 వస్తుంది. కానీ కొన్ని ప్రోగ్రాములు అంకెలను కూడా అక్షరాల్లాగే ఒక్కొక్కటిగా పోలుస్తాయి. అక్కడ వరుస 1, 10, 2 అవుతుంది. ముందు సున్నా ఉంటే ఎక్కడైనా తేడా రాదు.

తేదీ రాసేటప్పుడు సంవత్సరం ముందుండాలి. 05-01-2026, 12-12-2025 అని రాస్తే పేర్ల వరుసలో జనవరి ఫైల్ డిసెంబరు ఫైల్ కంటే ముందు వస్తుంది. 2025-12-12, 2026-01-05 అంటే సరైన క్రమమే. 1988లో వెలువడిన ఐఎస్ఓ 8601 అంతర్జాతీయ ప్రమాణం చెప్పే పద్ధతీ ఇదే.

ఈ ఆదివారం ఇంట్లో

పిల్లల ఫోల్డర్‌లో ఐదు ఫైళ్లకు వాళ్ల చేతే కొత్త పేర్లు పెట్టించండి. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'కొత్త ఫైనల్' బదులు తేదీ, సబ్జెక్టు ఉండాలి. తర్వాత మీరు ఒక ఫైల్ అడగండి. వెతకకుండా చూపగలిగితే పాఠం వచ్చినట్టే. మీరు చేసి పెట్టకండి. ఏ పేరు ఎందుకు పెట్టారో వాళ్లనే చెప్పనివ్వండి.