విత్తకుండ మొలచు కూరలు - ఏరుటలో జాగ్రత్తలు

చలి తగ్గి పగటి యెండ కొంచెము చురుక్కుమను వేళకు, అనగా శివరాత్రికి అటునిటుగా, యాసంగి చేలలోను కాలువ గట్ల మీదను విత్తనము చల్లకుండగనే మొలచిన కూరలు లేతగా దొరకును. శనగ, గోధుమ చేలలో పప్పుకూర (దీనినే కొన్ని తావుల చక్రవర్తికూర యందురు), నీరు పారించు కూరగాయల మళ్లలో గంగవాయిలి, కాలువల తేమలో పొన్నగంటి కనిపించును. మరికొన్ని దినములకు చింతచిగురు వచ్చును. వీనికి మడి కట్టనక్కరలేదు, ఎరువు వేయనక్కరలేదు. కలుపు తీయవచ్చిన స్త్రీలు సాయంత్రము కొంగున కట్టుకొనిపోవు గుప్పెడు ఆకే అనేక యిండ్లలో ఆ పూట కూర. జహీరాబాదు ప్రాంతమున 1983 నుండి పనిచేయుచున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘముల వారు ఇట్టి కూరల విలువను గుర్తించి అందరికిని తెలియజేయుచు వచ్చిరి.

అయితే పప్పుకూర రైతుకు కలుపే. ఒక్క మొక్కను పండనిచ్చిన వేలకొలది గింజలు రాలును. అవి నేలలో ఏండ్ల తరబడి చెడక యుండును. కావున దానిని చేనిలో ఉంచుడని మేము చెప్పము. జానెడెత్తున, పూత రాకముందే పెరికించుడు. పైరుకు పోటీ తప్పును, కూరకు లేత ఆకు వచ్చును. ముదిరిన పిమ్మట పెరికిన ఈ రెండు లాభములును పోవును.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. కలుపు తీయు కూలీలు దొరకక అనేకులు కలుపుమందు చల్లుచున్నారు. మందు చల్లినది ఒకరు, ఆకు ఏరునది వేరొకరు. ఏరువారికి ఆ సంగతి ఎవరు చెప్పవలెను? మొక్కను చూచి తెలిసికొనవచ్చునని అనుకొనవద్దు. 2,4-డి చల్లిన వెడల్పాకు మొక్కలు ఒకటి రెండు దినములలో మెలికలు తిరుగును గనుక కొంత గుర్తు దొరకును. గ్లైఫోసేట్ చల్లిన మొక్క అట్లు కాదు. అది నాలుగైదు దినములు, ఒక్కొక్కప్పుడు వారము దాకా, పచ్చగనే నిలిచియుండి పిమ్మట పండుబారును. ఆ నడిమి దినములలో ఆకు చూచుటకు ఏ లోపమును లేనట్లే యుండును. ఈ రెండు మందులును మొక్క లోపలికి ఇంకునవి. ఉప్పునీట కడిగినను, పసుపునీట ముంచినను పోవు. పారాక్వాట్ మాట వేరు. ఎండలో కొన్ని గంటలకే అది ఆకును మాడ్చును గాని, కడుపులోనికి పోయినచో విరుగుడు లేని విషము.

కావున మందు చల్లిన రైతు ఆ దినముననే చేని నాలుగు మూలల కర్రలు పాతి ఎర్రగుడ్డలు కట్టవలెను. గట్టు మీద చల్లినను కట్టవలెను. పొన్నగంటి కోయువారు తిరుగునది గట్ల మీదనే గదా! ప్రక్క చేని వారికిని, కూలికి వచ్చు వారికిని నోటితో కూడ చెప్పుడు. మీరు కూర ఏరువారైనచో, చేని యజమానిని అడుగక ఆకు త్రుంపవద్దు. మందు పడిన చేనిలో ఆ పైరు తీయువరకు కూర ఏరకుండుటయే క్షేమము. అడుగుటకు మొగమాటపడుట మన స్త్రీలలో మెండు. “అయ్యా, ఈ చేనిలో మందు కొట్టినారా?” అను ఒక్క మాట చాలును.

పట్టణపు మురుగు పారు కాలువల ప్రక్కను ఏరవద్దు. మురుగుతో వచ్చు లోహములు ఆకులోనికి చేరును, కడిగిన పోవు.

ఇక మొక్కను గుర్తించుట. పప్పుకూర లేత ఆకుల అడుగున తెల్లని పిండి అద్దినట్లుండును. గంగవాయిలి కాడ ఎర్రగా, నీరు నిండి బలిసియుండును; ఆకు దళసరి, పూవు పసుపు. దానివలెనే నేలను ప్రాకు రెడ్డివారి నానబాలు జాతి మొక్కలు దాని నడుమనే మొలచును. కాడను త్రుంచి చూడుడు: తెల్లని పాలు కారినచో అది గంగవాయిలి కాదు, పారవేయుడు. ఒక్కొక్క రెమ్మను త్రుంచి చూచుట విసుగే, కాని పిల్లలను ఏరుటకు పంపునప్పుడు ముందుగా నేర్పవలసినది ఇదియే. దిబ్బల మీద మొలచు లేత ఉమ్మెత్తను తోటకూరతో కలిపి కోసిన ప్రమాదము. దాని ఆకును నలిపిన వెగటు వాసన వచ్చును. తిన్నవారికి నోరెండుట, కంటిపాప పెద్దదగుట, మతి తప్పి మాటలాడుట కనిపించిన నాటుమందులకై కాలము గడపక ఆసుపత్రికి చేర్చవలెను. ఏరిన ఆకును కొంత చూపుటకు వెంట తీసికొనిపొండు.

వంట విషయము. గంగవాయిలి, పప్పుకూరలలో ఆక్సాలిక్ ఆమ్లము హెచ్చు. మూత్రపిండములలో రాళ్లు ఏర్పడినవారు వీనిని మానుట మంచిది. తక్కినవారు దినదినము అదే కూర తినక మార్చి మార్చి తినవలెను. ఒక పొంగు ఉడికించి ఆ నీటిని వంచివేసిన ఆమ్లము చాలవరకు పోవును, కొంత సి విటమినును పోవును. గంగవాయిలిని మజ్జిగపులుసుగా కాచుట తెలివైన పద్ధతి. మజ్జిగలోని సున్నము ఆ ఆమ్లమును పట్టుకొని రక్తములోనికి పోనీయదు. పొన్నగంటిని పప్పులో వేసి, నూనెతో తాళింపు పెట్టుడు. ఆకులోని ఏ విటమిను అంశము ఒంటబట్టుటకు కొంచెము నూనె అవసరము.

చింతచిగురుకు కొమ్మలు విరువవద్దు. చేతికందిన రెమ్మల నుండి కొంత కొంత దూసికొనుడు. ఒకే చెట్టును మోడు చేసిన ఆ యేటి కాపు తగ్గును. ఎక్కువ దొరికినచో నీడన ఆరబెట్టి, ఈనెలు తీసి, తడి తగలని జాడీలో మూత బిగించి ఉంచుడు. వానకాలములో పప్పులోనికి పనికివచ్చును.