ఏటవాలు పెరట్లో దుంగల రైలు

ప్రశ్న: మేము ఒరెగాన్‌లో ఉంటున్నాం. పెరట్లో దుంగలు మోసే పాతకాలపు రైలు నమూనా కట్టాలని నాకూ మా అబ్బాయికీ ఆశ. నేలేమో ఏటవాలు. చదును చేయించాలా?

జవాబు: వద్దండి. ఆ వాలే మీకు కలిసొచ్చింది. చాలా దుంగల రైళ్లు నడిచింది కొండల్లోనే. వెస్ట్ వర్జీనియాలోని కాస్ లైనులో నూరడుగులకు 11 అడుగుల దాకా ఎక్కుడు ఉంది. అలాంటి దారులకు బాగా కుదిరింది ఇఫ్రాయిమ్ షే రూపొందించిన ఇంజన్. 1881లో పేటెంటు వచ్చింది. సిలిండర్లు ఒక పక్కన నిలువుగా ఉంటాయి. పళ్లచక్రాల ద్వారా ప్రతి చక్రానికీ బలం అందుతుంది. వేగం తక్కువ, పట్టు ఎక్కువ.

45 మిల్లీమీటర్ల పట్టా, 1:20.3 స్కేలు తీసుకోండి. మూడడుగుల నారోగేజికి అది సరిగ్గా సరిపోతుంది. మీ లైను ఎక్కుడు మాత్రం నూరడుగులకు 4 అడుగులు దాటనివ్వకండి. అంత మెల్లగా ఎక్కితే పై ఎత్తు అందకపోతే అడవి లైన్లలోలాగే రైలు ముందుకెళ్లి, వెనక్కి ఎక్కేలా జిగ్‌జాగ్ వేయండి, చూడముచ్చటగానూ ఉంటుంది.

పట్టా కింద జానెడు లోతు తవ్వి, పొడితో కలిసిన కంకర దిమ్మిస చేయండి. గుండ్రని గులకరాళ్లు పనికిరావు, దొర్లిపోతాయి. కరెంటు పట్టాల్లోంచి కాకుండా బ్యాటరీతో నడిపితే వాన, ఆకుల జిగురు బెడద ఉండదు.

దుంగలకు ప్లాస్టిక్ కొనకండి. పెరట్లో కత్తిరించిన కొమ్మలే బెరడుతో సహా వాడండి. మణికట్టంత లావు కొమ్మ ఈ స్కేలులో నాలుగడుగుల మాను!

ముందు పదడుగుల పట్టా వేసి ఒక వానాకాలం చూడండి. కుంగకపోతే మిగతాది మొదలుపెట్టండి.