పైమట్టి తీసేస్తే పొలం బాగుపడినట్టేనా?

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మా చేను మీదుగా పోయే చమురు పైపు పగిలి ముప్పావు ఎకరం నల్లబడింది. కంపెనీవాళ్లు జానెడు మట్టి ఎత్తేసి కొత్త మట్టి పోశారు. సార్వాకు దమ్ము చేసుకోమంటున్నారు. చేసుకోవచ్చా?
– ఓ రైతు, కోనసీమ

జవాబు: ఇప్పుడే వద్దండి. ముందు ఒక సంగతి కనుక్కోండి. ఆ పైపులో వచ్చింది చమురొక్కటేనా, ఉప్పునీరు కూడానా? బావిలోంచి ముడి చమురుతో పాటు భూగర్భంలోని ఉప్పునీరూ పైకొస్తుంది. వేరుచేయకముందే పైపు పగిలితే రెండూ చేలో పడతాయి. చమురు కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరి చూపూ దానిమీదే ఉంటుంది. నిజానికి దాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు మెల్లగా తినేస్తాయి. ఉప్పును తినే జీవి ఏదీ లేదు. మీ బంకనేలలో సోడియం చేరితే మట్టి బిగుసుకుపోయి, నీరు దిగక, చవుడు తేలుతుంది.

చిక్కేమిటంటే, చమురు తినే జీవులకు గాలి కావాలి, ఉప్పును కడగడానికి నీళ్లు నిలపాలి. అందుకే ముందు చమురు సంగతి చూడాలి. ఒక పంట వదులుకోండి, ఆ నష్టం పరిహారంలో రాయించుకోండి. వేసవిలో పదును చూసి మళ్లీమళ్లీ దున్నండి. పశువుల ఎరువు, కొద్దికొద్దిగా యూరియా, కాస్త భాస్వరం వేయండి. చమురులో కార్బనే తప్ప నత్రజని దాదాపు ఉండదు, ఆ జీవులకు అది బయటినుంచి అందాలి. చమురు ఉండగా దమ్ము చేస్తే దాన్ని చేతులారా లోపలికి తొక్కినట్టే. తగులబెట్టమని ఎవరన్నా చెబితే వినకండి.

చమురు తగ్గిందని పరీక్షలో తేలాక, కాలువ నీరు వచ్చే వేళకు జిప్సం వేసి, మంచినీరు నిలిపి మురుగులోకి వదలాలి. కింది రైతుకు ముందే చెప్పండి. అతని చేను పాడైతే ఇంకో తగాదా.

పరీక్షల విషయంలో గట్టిగా ఉండండి. ఉప్పు సంగతి భూసార పరీక్షా కేంద్రంలో తెలుస్తుంది. చమురు శాతానికి మాత్రం ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబుకు పంపాలి. పోసిన కొత్త మట్టిని కాదు, దాని కింద అడుగు, రెండడుగుల లోతు మట్టిని తీయించండి. చమురు పడని పక్కచేను మట్టినీ పంపండి. బాగుపడిందా లేదా అన్నది దానితో పోల్చి చెప్పాల్సిందే. ఇంట్లోనే రెండు కుండీల్లో ఈ రెండు మట్టులూ పోసి పెసలు చల్లి, పది రోజులకు వేళ్లు పీకి చూడండి. ల్యాబు కాగితం కంటే ముందే కొంత తెలుస్తుంది.

ప్రశ్న: సముద్రంలో చమురు ఒలికితే మడ అడవుల్ని యంత్రాలతో ఎందుకు కడగరు?
– ఓ విద్యార్థిని, కాకినాడ

జవాబు: కడిగి చూసిన చోటు ఒకటుందమ్మా. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాతిదిబ్బను ఢీకొని దాదాపు 4 కోట్ల లీటర్ల చమురు ఒలికింది. తీరపు రాళ్లను వేడినీటి గొట్టాలతో కడిగారు. నల్లటి రాళ్లు తెల్లబడ్డాయి, టీవీల్లో బాగా కనిపించాయి. కానీ చమురు బారినుంచి తప్పించుకున్న నత్తలు, ఆల్చిప్పలు, నాచు ఆ వేడికి చచ్చాయి. కడగకుండా వదిలిన చోట్ల కొన్ని ముందుగా కోలుకున్నాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

మీ కోరింగ మడకు అది ఇంకా చేటు. మడచెట్లు బురదలోంచి పైకి లేచిన వేళ్లతోనే గాలి పీలుస్తాయి. మనుషులు దిగి తొక్కితే వేళ్లు విరుగుతాయి, చమురు బురద లోపలికి పోతుంది. చమురు పాయల్లోకి రాకుండా తేలే అడ్డుకట్టలు వేయడం మొదటి పని. వచ్చిందే అనుకుందాం, పోటు నీటిమీద పడవల్లోంచి తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి, తేలినదాన్ని పీల్చాలి. ఆపైన కొన్నిచోట్ల ఓపిక పట్టడమే పని. మొక్కలు నాటే ఫొటోల హడావుడి మాత్రం ముందే మొదలవుతుంది. బురదలో చమురు ఉండగా నాటితే మళ్లీ నాటాల్సిందే. పీతల బొరియలు కనిపించేదాకా ఆగితే మంచిది.

ప్రశ్న: చెరువు పక్కన యాసిడ్ ట్యాంకర్ బోల్తా పడితే సున్నం చల్లారు. చాలా?

జవాబు: ఎంత చల్లారో చూడండి. మోతాదు మించితే సున్నమే చేపల్ని చంపుతుంది. పీహెచ్ 6.5–8.5 మధ్య కొన్ని రోజులు నిలకడగా ఉన్నాకే చేపపిల్లల్ని వదలండి.

ప్రశ్న: ఫ్యాక్టరీ మూతపడింది, మా బావినీళ్లు ఎర్రగానే ఉన్నాయి. ఎవరు బాగుచేయాలి?
– ఓ పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: పాడుచేసినవారే. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి బిచ్ఛ్రీ గ్రామంలోనూ రసాయన వ్యర్థాలతో బావులు రంగు మారాయి. 1996లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే ఖాయం చేసింది. కట్టాల్సింది సుమారు 37 కోట్లని లెక్క తేలింది. 2011లో కూడా అదే కోర్టు, చక్రవడ్డీతో కట్టండని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అన్నేళ్లూ ఊరివాళ్లు ఆ నీళ్లతోనే వేగారు.

విశాఖలో 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైతే, హరిత ట్రిబ్యునల్ మర్నాడే 50 కోట్లు జమ చేయమంది. ముందు డబ్బు కట్టించి, తర్వాత వాదనలు వినడమే నాకు సరైన పద్ధతిగా తోస్తుంది.

పునరుద్ధరణ కోసం ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి గడువు సాధారణంగా ఐదేళ్లు. అది ఏ రోజు నుంచి లెక్కకొస్తుందో న్యాయవాదిని వెంటనే అడగండి. ఈలోగా కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. వర్షాలకు ముందొకసారి, తర్వాతొకసారి నీళ్లు పరీక్ష చేయించి ఆ కాగితాలు దాచుకోండి.