ఒడిలో పుస్తకం, నోట మాట

ఏటా జూన్‌లో బడులు తెరిచే వేళకు మనం నోటుపుస్తకాలు, బ్యాగులు, యూనిఫాం బట్టలు పంచుతున్నాం. అయితే ఒకటో తరగతిలో చేరిన పిల్లల్లో కొందరు కొత్త బ్యాగు పక్కన పెట్టుకుని నెలల తరబడి నోరు విప్పరు. పేరు అడిగితే తల దించుకుంటారు. దాహం వేసినా అడగరు. "మీ వాడు వెనకబడి ఉన్నాడు" అని ఇంటికి కబురు వస్తుంది. అదే పిల్లవాడు సాయంత్రం గుమ్మంలో కూర్చుని దాదీమాతో ఉర్దూలో గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెబుతాడు. వాడికి తెలివి తక్కువ కాలేదు. బడిలో వినబడే మాటలూ, అక్కడ మాట్లాడే తీరూ వాడికి ఇంకా పరిచయం కాలేదు, అంతే.

ఈ పరిచయం బడిలో చేరకముందే, ఇంట్లోనే, తల్లిదండ్రుల ఒడిలో జరగాలి. అందుకు అందరికీ అందుబాటులో ఉన్న మార్గం రోజూ ఒక పావుగంట పిల్లలకు కథ చదివి వినిపించడం. దీనివల్ల మాట ఎలా పెరుగుతుందో, మన ఇళ్లలో దీన్ని ఎలా మొదలుపెట్టవచ్చో ఈ వ్యాసంలో చూద్దాం.

పుస్తకంలో ఉండే మాటలు

చదివి వినిపించడం అంటే అక్షరాలు దిద్దించడం కాదు. పిల్లలకు మాట్లాడడం కంటే ముందు అర్థం చేసుకోవడం వస్తుంది. ఏడాది నిండిన బిడ్డ ఒకటి రెండు మాటలే పలుకుతుంది గాని, "చెప్పులు ఎక్కడున్నాయి?" అంటే గడప వైపు చూస్తుంది. విన్నదంతా లోపల నిల్వ అవుతుంది, తర్వాత నోటికి వస్తుంది.

ఇంటి పనుల్లో మనం పిల్లలతో అనే మాటలు కొన్నే. రా, తిను, పడుకో, అల్లరి చెయ్యకు. రోజంతా ఇవే తిరుగుతాయి. కథలోకి వెళితే నది వస్తుంది, సంత వస్తుంది, దారి తప్పిన పిల్ల వస్తుంది, అలిగిన పిచ్చుక వస్తుంది. "వాన వస్తుందని తెలిసినా గొడుగు తీసుకెళ్లలేదు" లాంటి పొడవైన వాక్యం వస్తుంది. అలాంటి వాక్యాలు విన్న పిల్లలకే ఒక విషయాన్ని ముందూ వెనకా కలిపి చెప్పడం అలవాటవుతుంది.

చదివి ఊరుకోవద్దు, అడగండి

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1988లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు, మూడేళ్ల పిల్లలున్న కుటుంబాలను రెండు జట్లుగా చేశారు. రెండు జట్ల తల్లిదండ్రులూ ఇంట్లో పిల్లలకు బొమ్మల పుస్తకాలు చదివారు. ఒక జట్టు మామూలుగా చదివింది. రెండో జట్టు చదువుతూ మధ్యలో ప్రశ్నలు అడిగింది, పిల్లలు చెప్పిన మాటను పెంచి తిరిగి చెప్పింది. ఒక్క నెల గడిచేసరికి మాటల పరీక్షల్లో రెండో జట్టు పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసు తేడా ఉన్నంతగా ముందున్నారు. పుస్తకాలు ఇద్దరికీ ఉన్నాయి. తేడా వచ్చింది సంభాషణలో.

ఇది చేయడానికి పెద్ద శిక్షణ అక్కర్లేదు. మేక బొమ్మ ఉన్న పుట తెరిచారనుకోండి.

"ఏం చేస్తోంది బేటా, ఈ మేక?"

"పరిగెడుతోంది."

"అవును, తెల్ల మేక గబగబా పరిగెడుతోంది. ఎందుకంటావు?"

"కుక్క!"

"నిజమే, నల్ల కుక్క తరుముతోంది. నిన్ను తరిమితే ఏం చేస్తావు?"

ఇంత చిన్న మాటల్లోనే చాలా ఉంది. "ఎందుకు" అన్నప్పుడు పిల్లవాడు కారణం వెతికాడు. "కుక్క" అన్న ఒక్క మాటను తల్లి పూర్తి వాక్యంగా తిరిగి ఇచ్చింది, తప్పు పట్టలేదు. చివరి ప్రశ్నతో కథ వాడి సొంత అనుభవంలోకి వచ్చింది. ఎదుటివారు చెప్పేది వినడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, మనసులో ఉన్నది చెప్పడం, తెలియనిది అడగడం అన్నీ అక్కడే నేర్చుకుంటున్నాడు.

ప్రశ్న అడిగాక మనం ఆగాలి. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకునేంతసేపు ఆగితే, చాలామంది పిల్లలు జవాబు చెబుతారు. మనమే తొందరపడి చెప్పేస్తే వాళ్ల మాట లోపలే ఉండిపోతుంది. సెల్‌ఫోన్‌లో కథలు పెట్టి ఇస్తే చాలదనేది ఇందుకే. ఫోను మాట్లాడుతుంది గాని బిడ్డ ఏమందో వినదు.

ఏ భాషలో చదవాలి?

మన ఇళ్లలో కొన్నిచోట్ల ఉర్దూ, కొన్నిచోట్ల తెలుగు, ఎక్కువచోట్ల రెండూ నడుస్తాయి. "బడిలో తెలుగో ఇంగ్లీషో కదా, ఉర్దూలో మాట్లాడితే పిల్లవాడు వెనకబడడా?" అని తల్లులు అడుగుతుంటారు. జవాబు మన గడ్డమీదే ఉంది.

1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండగా సవర భాష నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషలో పాఠ్యపుస్తకాలు లేవు. ఆయన సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, బడులు పెట్టించారు. విజయనగరంలోని గురజాడ అప్పారావుగారితో కలిసి వాడుక భాష కోసం పోరాడింది కూడా ఆయనే. బిడ్డ నోట ఉన్న భాషతోనే చదువు మొదలవ్వాలన్నది ఆయన జీవితం చెప్పే పాఠం. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని చెబుతోంది.

కాబట్టి తెలుగు పుస్తకం చేతిలో ఉన్నా, దాని మీద మాటలు ఉర్దూలో సాగనివ్వండి. ఒక కథను మొదటినుంచి చివరిదాకా ఉర్దూలో చెప్పగలిగిన పిల్లవాడికి తెలుగులో కావలసింది కొత్త పదాలు మాత్రమే. కథను వరసగా చెప్పే నేర్పు వాడికి అప్పటికే వచ్చేసింది.

అక్షరం రాని అమ్మ

"నాకు చదువు రాదు, నేనేం చదువుతాను?" అనే తల్లి వెనక్కి తగ్గనక్కర్లేదు. బొమ్మలు చూపిస్తూ తనకు తోచిన కథ చెప్పవచ్చు. ఆరో తరగతి అక్క చిన్న తమ్ముడికి చదివితే ఇద్దరికీ లాభమే. మక్తబ్‌లో నాజిరా చదివే పిల్లలకు ప్రతి అక్షరాన్నీ దాని చోటునుంచి స్పష్టంగా పలకడం అలవాటవుతుంది. దానికి ఇంట్లో కథా, దాని మీద సంభాషణా తోడైతే, పలుకుతో పాటు మాటతీరు కూడా వస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పిలిస్తే తిరిగి చూడని బిడ్డను, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనలేని బిడ్డను "పెద్దయితే అదే వస్తుంది" అని వదిలేయకూడదు. ముందు డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించాలి.

దాతలకు మా మనవి

మా పొరపాటు కూడా చెప్పుకోవాలి. ఒకసారి మేమూ కథల పుస్తకాలు కొన్నాం. చిరిగిపోతాయని బీరువాలో పెట్టి తాళం వేశాం. ఏడాది తర్వాత తీస్తే కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి, ఒక్క పిల్లా వాటిని ముట్టలేదు. పిల్లల చేతుల్లో నలిగిన పుస్తకమే ఖర్చుకు ఫలితం అని అప్పుడు తెలిసింది.

అమెరికాలోని బోస్టన్‌లో 1989లో కొందరు డాక్టర్లు, పరీక్షకు వచ్చిన పసిపిల్లల చేతిలో ఒక పుస్తకం పెట్టి, ఎలా చదవాలో తల్లికి చెప్పి పంపడం మొదలుపెట్టారు. మన శ్రీకాకుళంలో కథారచయిత కాళీపట్నం రామారావు మాష్టారు తనకు వచ్చిన పురస్కారాల సొమ్ము వెచ్చించి 1997లో కథానిలయం నెలకొల్పారు. బడిపంతులుగా బతికిన మనిషి కథలకోసం అంత చేయగలిగితే, మనమంతా కలిసి మన వీధి పిల్లలకోసం ఇంకొంత చేయలేమా?

ఐదేళ్లలోపు పిల్లలున్న ప్రతి పేద ఇంటికీ నాలుగైదు బొమ్మల కథల పుస్తకాలు చేర్చాలని మా ఆలోచన. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ సంస్థ స్టోరీవీవర్‌లో తెలుగు, ఉర్దూ కథలను ఉచితంగా ఉంచింది. వాటిని అచ్చు వేయించుకోవచ్చు. వారానికి ఒకరోజు మొహల్లాలో ఒకరు కూర్చుని చదివి వినిపించాలి. డబ్బు ఇవ్వగలిగినవారు డబ్బు, గొంతు ఇవ్వగలిగినవారు గొంతు ఇవ్వండి. రిటైరైన మాష్టార్లకూ, కాలేజీ అమ్మాయిలకూ ఇది తగిన పని.

బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో అక్షరం వచ్చినవారు పదేసి మంది పిల్లలకు రాయడం, చదవడం నేర్పితే అదే విడుదల వెల అయిందని సీరత్ గ్రంథాలు చెబుతాయి. ఒక మనిషి స్వేచ్ఛకు సరితూగిన దానం అది. పిల్లలకు నేర్పిన మాట వాళ్ల పిల్లలకూ అందుతుంది గనుక ఇది సదఖా జారియా. వచ్చే జూన్‌లో బ్యాగుతో పాటు, దానికంటే ముందే, ఒక కథ కూడా మన పిల్లలకు చేరాలని కోరుకుంటూ, మీ సహకారాన్ని అర్థిస్తున్నాం.