ఊగే డ్రోన్, ఊగని కెమెరా
(బి.యస్‌సి., తృతీయ సంవత్సరం విద్యార్థి)

డ్రోన్ అనే మాట ఇప్పుడు పల్లెటూళ్ళలో కూడా కొత్తది కాదు. పెళ్ళిపందిరి మీద ఎగిరేదీ అదే, పైరుకు మందు కొట్టేదీ అదే, భూములు కొలిచేందుకు వచ్చేదీ అదే. అయితే అది తీసిన బొమ్మను చూచినప్పుడు మనలో చాలామందికి తట్టని ప్రశ్న ఒకటున్నది. యంత్రం గాలికి ఊగుతున్నది గదా, బొమ్మ మాత్రం బల్లమీద పెట్టి తీసినట్లు ఎట్లా నిలిచింది? జవాబు మనం మొదటి సంవత్సరం యాంత్రికశాస్త్రంలో చదివి, పరీక్షలో రాసి, ఆ సాయంత్రమే మరచిపోయిన పాఠాల్లో ఉంది. ఆ పుటలను విద్యార్థి మిత్రులతో కలిసి మళ్ళీ ఒకసారి తిరగేయాలని ఈ వ్యాసం.

ముందుగా డ్రోన్ ఎందుకు వంగుతుందో చూద్దాం. నాలుగు రెక్కల డ్రోన్‌ను ముందుకు నెట్టేందుకు వేరే ఇంజను లేదు. వెనుక రెక్కలు కొంచెం వేగంగా తిరిగితే ఒళ్ళంతా ముందుకు వాలుతుంది. అప్పుడు పైకి లేపే బలంలో ఒక భాగం ముందుకు లాగుతుంది. కదలకుండా ఒకేచోట నిలబడాలన్నా, గాలి వీస్తుంటే గాలికి ఎదురుగా వాలక తప్పదు. గాదంకిలోని రాడార్ కొన్ని కిలోమీటర్ల ఎత్తులోని గాలులను కూడా కొలుస్తుందని మనం గొప్పగా చెప్పుకుంటాం గాని, డ్రోన్‌ను సతాయించేది తాటిచెట్టు తలకు కొంచెం పైన మధ్యాహ్నం పూట రేగే గాలి. కెమెరాను డ్రోన్ ఒంటికి మరలతో బిగించేస్తే ప్రతి వాలుకూ బొమ్మలో కొండలూ ఇళ్ళూ ఒరుగుతాయి. అందుకే కెమెరాకూ డ్రోన్‌కూ నడుమ గింబల్ అనే అమరిక ఉంటుంది.

గింబల్ అంటే ఒకదానిలో ఒకటి తిరిగే చట్రాలు. ఊహ చాలా పాతది. ఎటు తిప్పినా సిరా ఒలకని బుడ్డిని గురించి క్రీస్తుకు పూర్వమే గ్రీకు యంత్రకారుడు ఫైలో వర్ణించాడని చెబుతారు. పదహారవ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు ఈ అమరికకు తర్వాత స్థిరపడింది. ఓడల్లో దిక్సూచిని ఇట్లాగే చట్రాల్లో వేలాడదీసేవారు. మన పక్క ఉదాహరణ కావాలంటే, ఎద్దులబండి ఇరుసు కింద వేలాడే లాంతరు. బండి గుంటలో పడి ఎటు ఒరిగినా లాంతరు భూమివైపే చూస్తుంది.

కాని లాంతరు ఊగుతుంది. ఊగితే బొమ్మ చెడుతుంది. భూమ్యాకర్షణను నమ్ముకొని కెమెరాను ఊరికే వేలాడదీస్తే అది లోలకమే అవుతుంది. కావలసింది కోడి మెడ లాంటిది. కోడిని రెండు చేతులా పట్టుకొని పైకీ కిందికీ, పక్కకూ ఆడించి చూడండి. ఒళ్ళు కదులుతుంది, తల మాత్రం గాల్లో మేకు కొట్టినట్లు నిలిచి ఉంటుంది. దాని లోచెవిలో కదలికను పసిగట్టే అవయవం ఉంది. అది చెప్పిన మేరకు మెడ కండరాలు ఎదురు కదులుతాయి. గింబల్‌లో లోచెవి పని జైరో, యాక్సిలరోమీటరు చేస్తాయి. మెడ పని మూడు చిన్న మోటార్లు చేస్తాయి. ఒకటి పక్కకు ఒరగడాన్ని, ఒకటి ముందువెనుకల వాలును, మూడవది దిక్కు తిరగడాన్ని చూచుకుంటాయి.

జైరో అనగానే మనకు గుర్తొచ్చేది గిర్రున తిరిగే చక్రం. 1852లో ఫూకో అటువంటి చక్రంతోనే భూభ్రమణాన్ని చూపి, ఆ పరికరానికి పేరు పెట్టాడు. డ్రోన్‌లో ఉన్నది చక్రం కాదు, గోరంత సిలికాన్ చిప్పు. అందులో కంటికి కనబడని చిన్న ద్రవ్యరాశి ఒకటి అటూ ఇటూ కంపిస్తూ ఉంటుంది. చిప్పు తిరిగినప్పుడు ఆ ద్రవ్యరాశి కోరియాలిస్ బలం వల్ల పక్కకు జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే ఎంత వేగంగా తిరిగిందో తెలుస్తుంది. "ఈ కోరియాలిస్ బలం మనకెందుకు సార్?" అని క్లాసులో అడిగేవాళ్ళు ఉంటారు. ఇదిగో, దీనికి. శ్రీహరికోట నుండి 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకుపోయిన రాకెట్ కూడా తన దిక్కును ఇటువంటి జడత్వ పరికరాలతోనే లెక్కగట్టుకుంది. వాటి నాణ్యత వేరు, వెల వేరు.

జైరోకు ఒక జబ్బు ఉంది. అది చెప్పేది కోణం కాదు, కోణీయ వేగం. కోణం కావాలంటే వేగాన్ని క్షణక్షణం కూడుకుంటూ పోవాలి. సెకనుకు 0.05 డిగ్రీ తప్పు చూపిస్తుందనుకుందాం. నిమిషానికి అది 3 డిగ్రీలవుతుంది. దీన్ని సరిదిద్దేందుకే యాక్సిలరోమీటరు. తాపీమేస్త్రి దారానికి కట్టి వేలాడదీసే గుండు లాగా అది భూమి ఎటున్నదో చెబుతుంది.

దానికీ ఒక జబ్బున్నది. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు దిగుతున్నప్పుడు డ్రైవరు ముందు వేలాడే నిమ్మకాయల దండను చూడండి. మలుపు తిరిగినప్పుడల్లా అది పక్కకు పోతుంది. ఆ దండనే నిలువని నమ్మితే బస్సు ఒరిగిందనుకోవాలి. యాక్సిలరోమీటరు అట్లాగే మోసపోతుంది. డ్రోన్ సెకనుకు 10 మీటర్ల వేగంతో 20 మీటర్ల వ్యాసార్ధంలో చుట్టు తిరుగుతున్నదనుకోండి. కేంద్రం వైపు త్వరణం 10×10÷20, అంటే 5. గురుత్వ త్వరణం 9.8. నిలువు అని యాక్సిలరోమీటరు అనుకునే దిశ దాదాపు 27 డిగ్రీలు తప్పుతుంది! చౌక గింబళ్ళలో గుడి చుట్టో చెరువు చుట్టో నాలుగు చుట్లు తిరిగాక బొమ్మ మెల్లగా ఒరగడానికి కారణం ఇదే. కొంతసేపు నేరుగా ఎగిరితే మళ్ళీ సర్దుకుంటుంది.

ఉపాయం ఇద్దరి మాటా వినడం. కొద్ది క్షణాల విషయానికి జైరోను నమ్ము, నిమిషాల విషయానికి యాక్సిలరోమీటరును నమ్ము. లెక్కలో రాస్తే, కొత్త కోణంలో 98 వంతులు జైరో కూడిక, 2 వంతులు యాక్సిలరోమీటరు మాట. ఈ 98, 2 అనేవి ఉదాహరణకు చెప్పినవి, యంత్రాన్ని బట్టి మారతాయి. ఖరీదైన వాటిలో కాల్మన్ ఫిల్టరు అనే పెద్ద గణితం పెడతారు, ఉపగ్రహాల ద్వారా తెలిసిన వేగాన్ని కూడా కలుపుకొని మలుపు త్వరణాన్ని తీసివేస్తారు. మూలసూత్రం మాత్రం ఇదే.

కోణం తెలిశాక మోటార్లకు పని. సెకనుకు వెయ్యి సార్ల లెక్కన తప్పును చూచి ఎదురు తిప్పుతారు. తప్పుకు తగినట్లు బలం మరీ ఎక్కువ పెడితే కెమెరా చలిజ్వరం వచ్చినట్లు వణుకుతుంది, తక్కువ పెడితే బద్ధకంగా వెనుకబడుతుంది. సైకిలు కొత్తగా నేర్చుకొనేవాడు హ్యాండిలు బిగబట్టి అటూ ఇటూ తిప్పేయడం చూచినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఇక రెక్కలు నిమిషానికి 6000 చుట్లు తిరిగితే సెకనుకు 100 కంపనాలు. అంత వేగమైన కంపనాన్ని మోటార్లు పట్టుకోలేవు. దాన్ని మింగేందుకు గింబల్‌ను మెత్తని రబ్బరు గుండ్ల మీద నిలుపుతారు.

ఎగరేసేవారు చూడవలసినవి పెద్దగా లేవు గాని, ఉన్నవి ముఖ్యం. గింబల్‌కు తొడిగిన ప్లాస్టిక్ కవచం తీసిన తర్వాతనే స్విచ్చి వేయాలి. దున్నిన చేలోనో గట్టు వాలులోనో కాక, ఒక పలక మీద మట్టంగా పెట్టి, కదిలించకుండా అది సిద్ధమయ్యేవరకు ఆగాలి. మట్టం సరిచేసే క్రమాంకనం కూడా ఇట్లాగే, రసమట్టంతో చూచుకున్న బల్ల మీద చేయాలి. కెమెరాకు అదనంగా ఒక గాజుబిళ్ళ తగిలించినా తూకం మారి మోటారు ఊరికే శ్రమపడి వేడెక్కుతుంది. గాలి మరీ ఎక్కువైతే చట్రం తన హద్దుకు తగిలి ఆగిపోతుంది. అప్పుడు ఏ లెక్కా పనిచేయదు, దించేయడమే. బొమ్మ మట్టంగా ఉందా లేదా అని మన శేషాచలం కొండ అంచును చూచి తీర్పు చెప్పకూడదు. కొండ అంచు వాలుగా ఉంటే మంచి బొమ్మ కూడా ఒరిగినట్లే కనిపిస్తుంది. నిలువు గోడనో కరెంటు స్తంభాన్నో చూడాలి. తిరుమల మీద డ్రోన్ ఎగరేయడం నిషిద్ధమని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంతవరకు చెప్పింది అందమైన బొమ్మ కోసం. మాది పూతలపట్టు వైపు సేద్యం చేసుకొనే ఇల్లు. మా ఊళ్ళో ఈ మాట ఎత్తినప్పుడు మా నాయన అడిగిన ప్రశ్న వేరు. "ఒరే అబ్బయా, అది గాలికి అట్ల ఊగతా ఉండాదే, అది తీసే ఫోటోలో మన గెనిమ యాడ పడతాదో ఎవురికి తెలుసు?" ఆ ప్రశ్నను తేలిగ్గా తీసేయడానికి లేదు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం కింద గ్రామాల ఇళ్ళస్థలాలను డ్రోన్లతో కొలవడం ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో మన రాష్ట్రపు భూముల రీసర్వే మొదలైంది. అందులోనూ డ్రోన్లు వాడారు. విస్తీర్ణం తగ్గిందనే అర్జీలు చాలా ఊళ్ళలో వచ్చాయి.

లెక్క వేద్దాం. 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోనులో ఎత్తు హద్దు 400 అడుగులు, అంటే సుమారు 120 మీటర్లు. ఆ ఎత్తులో నేరుగా కిందికి చూడవలసిన కెమెరా ఒక్క డిగ్రీ ఒరిగితే, అది చూచే చోటు నేలమీద 2.1 మీటర్లు జరుగుతుంది. 50 మీటర్ల పొడవు గెనిమ 2 మీటర్లు జరిగితే 100 చదరపు మీటర్లు. అంటే దాదాపు రెండున్నర సెంట్లు! గింబల్ కాగితాల మీద రాసే ±0.01 డిగ్రీ అనే అంకె చూచి ధైర్యపడనక్కరలేదు. అది వణుకు ఎంత తక్కువో చెబుతుంది, మట్టం ఎంత సరైనదో చెప్పదు.

మరి కొలత ఎట్లా సాధ్యం? ఒక్క బొమ్మను నమ్మరు. పక్కపక్క బొమ్మలు 70, 80 శాతం ఒకదాని మీద ఒకటి పడేటట్లు తీస్తారు. ఒకే గట్టు మూల చాలా బొమ్మల్లో, వేరువేరు కోణాల నుండి పడుతుంది. అన్నింటినీ కలిపి లెక్కగడితే ప్రతి బొమ్మ తీసినప్పుడు కెమెరా ఎక్కడుందో, ఎంత ఒరిగిందో వెనక్కు తేలుతుంది. నేలమీద ముందే కొలిచి గుర్తుపెట్టిన బిందువులు ఈ లెక్కకు మేకులు. అందుకే సర్వే డ్రోన్లలో కొన్నింటికి గింబలే ఉండదు. మట్టంగా ఉన్న కెమెరా కూడా ఒంటరిగా సరిపోదు. బొమ్మ నడిమికి 40 మీటర్ల దూరంలో కనబడే 6 మీటర్ల మిట్ట, 120 మీటర్ల ఎత్తునుండి చూస్తే 40×6÷120, అంటే 2 మీటర్లు బయటికి జరిగి కనిపిస్తుంది. చిత్తూరు నేలలో మిట్టలకు కొదువ లేదు గదా. ఎత్తుపల్లాలను కూడా సరిచేసిన తర్వాత వచ్చే బొమ్మనే సర్వేవారు ఓ.ఆర్.ఐ. అంటారు.

నా దృష్టిలో మన ప్రాంతానికి అసలు చిక్కు వంపులో లేదు, మామిడిచెట్టులో ఉంది. గెనిమ వెంబడి పెరిగిన తోతాపురి చెట్ల గొడుగు కింద ఏముందో పైనున్న కెమెరాకు, అది ఎంత మట్టంగా ఉన్నా, కనబడదు. అక్కడ మనిషి రోవర్ కర్ర పట్టుకొని గెనిమ మీద నిలబడవలసిందే. దట్టమైన కొమ్మల కింద ఉపగ్రహ సంకేతం కూడా బలహీనపడుతుంది కనుక కొంచెంసేపు ఓపికగా ఆగాలి. ఆ కర్ర కూడా నిటారుగా ఉండాలి. 2 మీటర్ల కర్ర ఒక డిగ్రీ వంగితే కొలత మూడున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. కర్రకు తగిలించిన గుండ్రటి రసమట్టం అందుకే. కొత్త రకం రోవర్లలో వంపును లెక్కగట్టి సరిచేసే జైరోలు వచ్చాయి. అవి లేనిచోట బుడగ నడిమి వలయంలోకి వచ్చిందా లేదా అని, కొలత రాసుకొనేముందు పక్కన నిలబడ్డ రైతు కూడా తొంగిచూడవచ్చు.