ప్రశ్నలు - జవాబులు: తీగలు లేని గిటార్

ప్రశ్న: గిటార్ ఆకారంలోని కంట్రోలర్‌తో వీడియో ఆటలోని పాటలన్నీ తప్పు లేకుండా పూర్తి చేయగల పిల్లలకు అసలు గిటార్ నేర్చుకోవడం సులువవుతుందా?

జవాబు: కొంతవరకే అవుతుంది. 2005లో ప్లేస్టేషన్ 2 కోసం హార్మోనిక్స్ సంస్థ రూపొందించగా రెడ్‌ఆక్టేన్ విడుదల చేసిన 'గిటార్ హీరో'తో ప్రాచుర్యం పొందిన ఈ కంట్రోలర్, గిబ్సన్ ఎస్‌జీ అనే గిటార్ రూపాన్ని అనుసరించినదే గాని, దానికి తీగలు ఉండవు. మెట్లు ఉండవలసిన చోట ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగుల్లో ఐదు బటన్లు, తీగలను మీటే చోట పైకీ కిందికీ కదిలే ఒక పట్టీ ఉంటాయి. తెర మీద జారుతూ వచ్చే రంగు బిళ్ల చివరి గీతను చేరే క్షణంలో, ఎడమచేత్తో ఆ రంగు బటన్‌ను నొక్కి ఉంచి, కుడిచేత్తో పట్టీని కదిపితే గిటార్ పలుకుతుంది. సమయం తప్పితే మిగతా వాద్యాలు సాగుతూనే ఉండగా గిటార్ ఒక్కటే మూగబోతుంది. అంటే ఆడేవారు స్వరాన్ని పుట్టించడం లేదు, ముందే రికార్డు చేసిన వాద్యభాగాన్ని వినిపించేలా చేయడమో ఆపడమో చేస్తున్నారు. ఒకే ఆకుపచ్చ బటన్ ఒకచోట ఒక స్వరానికి, మరోచోట వేరొక స్వరానికి గుర్తుగా వస్తుంది కనుక, స్వరస్థానాల జ్ఞానం గాని, తీగ ఒరిపిడికి వేళ్ల కొసలు కాయలు కాసేదాకా సాగే సాధన గాని ఈ ఆటతో సమకూరవు.

అయితే లయజ్ఞానం మాత్రం నిజంగానే మెరుగుపడుతుంది. రెండు చేతులూ వేర్వేరు పనులను ఒకే క్షణంలో చేయడం కూడా అలవడుతుంది. 2010లో వచ్చిన 'రాక్ బ్యాండ్ 3' కోసం ఆరు తీగలకు పదిహేడేసి మెట్ల లెక్కన 102 బటన్లున్న కంట్రోలర్‌ను తయారు చేయడం, మరుసటి ఏడాది 'రాక్‌స్మిత్' అసలు గిటార్‌నే కేబుల్‌తో ఆటకు కలపడం, ఐదు బటన్ల పరిమితిని తయారీదారులే గుర్తించారనడానికి నిదర్శనాలు.

డ్రమ్స్ సంగతి వేరు. 2007 నాటి 'రాక్ బ్యాండ్'తో వచ్చిన నాలుగు ప్యాడ్లు, ఒక పెడల్ గల సెట్టులో చేతులు ఒక నడకలో, కాలు మరో నడకలో సాగాలి. దెబ్బ బలాన్ని బట్టి నాదం మారే సూక్ష్మత లేకపోయినా, సమయానికి దెబ్బ వేయడమనే అసలు పని ఇక్కడ నటన కాదు. వాద్యం నేర్పించాలన్న ఆలోచనతో కొనేవారికి గిటార్ కంటే డ్రమ్స్ సెట్టే మేలు.

ప్రశ్న: పాత టీవీలో బాగా ఆడినవారికి కొత్త టీవీలో ప్రతి స్వరమూ తప్పుతోంది. లోపం ఎక్కడ ఉంది?

జవాబు: చాలావరకు టీవీలోనే. పాత పిక్చర్ ట్యూబు టీవీలు సంకేతం అందిన వెంటనే బొమ్మను చూపేవి. నేటి ఎల్‌ఈడీ టీవీలు బొమ్మకు మెరుగులు దిద్ది చూపడం వల్ల సెకనులో కొన్ని వందో వంతులు ఆలస్యమవుతుంది, మామూలు సినిమాలో తెలియని ఆ కాస్త ఆలస్యమే ఇక్కడ ఆటను చెడగొడుతుంది. ముందుగా టీవీలో 'గేమ్ మోడ్'ను ఎంచుకొని, ఆ తర్వాతే ఆటలోని కాలిబ్రేషన్, అంటే బొమ్మకూ ధ్వనికీ ఉన్న ఆలస్యాన్ని కొలిచి సరిచేసే ఏర్పాటును, ఉపయోగించాలి. వరుస తారుమారైతే కొలత పనికిరాదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ధ్వనిని మరింత ఆలస్యం చేస్తాయి కనుక వాటిని పక్కన పెట్టడం మంచిది. ఇంత చేశాక కూడా తప్పులు ఒకే తీరుగా వస్తుంటే కాలిబ్రేషన్‌ను మళ్లీ చేయాలి. ఒకసారి ముందుగా, ఒకసారి ఆలస్యంగా పడుతుంటే మాత్రం టీవీని నిందించి లాభం లేదు, సాధన పెంచవలసిందే.

ప్రశ్న: వాడిన కంట్రోలర్‌ను కొనేటప్పుడు ఏమి చూడాలి?

జవాబు: పట్టీని ఒక్కసారి కదిపితే రెండుసార్లు నమోదవుతోందా అన్నది మొదట పరీక్షించాలి, ఎందుకంటే లోపలి స్విచ్ అరిగినప్పుడు అలాగే జరుగుతుంది. 2015లో వచ్చిన 'గిటార్ హీరో లైవ్' కంట్రోలర్‌కు రెండు వరుసల్లో ఆరు బటన్లు ఉంటాయి గనుక, అది పాత ఐదు రంగుల ఆటలకు సరిపోదు. ప్లేస్టేషన్ 3 వైర్‌లెస్ గిటార్లు తమతో వచ్చిన యూఎస్‌బీ డాంగిల్, అంటే సంకేతాన్ని అందుకునే చిన్న పరికరం, లేనిదే పనిచేయవు. అది జతగా లేని కంట్రోలర్‌ను ఎంత చవకగా ఇస్తామన్నా కొనకూడదు.