వరుసలో ముందున్నవాడి హక్కు

ప్రశ్న: మౌలానా గారూ, మాది కర్నూలు. ఉద్యోగరీత్యా అమెరికాలోని డాలస్‌లో ఉంటున్నాను. కంపెనీ పనిమీద నెలకు రెండు మూడుసార్లు విమాన ప్రయాణం తప్పదు. ఇక్కడ డబ్బు కట్టి సభ్యత్వం తీసుకున్నవారిని సెక్యూరిటీ తనిఖీ దగ్గర పెద్ద క్యూలో నిలబెట్టకుండా ముందుకు పంపిస్తారు. నేనూ తీసుకున్నాను. ఈమధ్య నా భార్య, “పిల్లల్నెత్తుకుని అంతసేపు నిలబడ్డవాళ్ల ముందునుంచి మనం దర్జాగా వెళ్లిపోతున్నాం. ఇది వాళ్ల హక్కు తినడం కాదా?” అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఇది లంచం కిందికి వస్తుందా? నా సభ్యత్వానికి ఇంకా ఏడు నెలల గడువుంది. వాడుకోవచ్చా, మానేయాలా?

జవాబు: ముందుగా మీ ఇంటావిడకు నా దుఆలు తెలియజేయండి. హలాల్ హరామ్‌ల గురించి మనం ఎక్కువగా అడిగేది తిండి గురించి, వడ్డీ గురించి. క్యూలో నిలబడ్డ పరాయి మనిషి హక్కు గురించి అడిగేవారు అరుదు. నాకు వచ్చే ఉత్తరాల్లో ఇలాంటిది ఇదే మొదటిది.

వరుస పాటించడం ఇంగ్లీషువాళ్లు నేర్పిన మర్యాద అని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. ఇతరులెవరూ చేరుకోని దాని దగ్గరికి ముందుగా చేరుకున్నవాడే దానికి హక్కుదారుడు అన్న భావం గల హదీసు అబూదావూద్‌లో ఉంది. కూర్చున్న మనిషిని లేపి ఆ చోట తాను కూర్చోరాదని దైవప్రవక్త (స) నిషేధించారు. ఇది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. పనిమీద లేచి వెళ్లి తిరిగొచ్చిన మనిషికే ఆ చోటుపై ఎక్కువ హక్కు అని కూడా సెలవిచ్చారు. జుమా రోజు ఒకతను జనం మెడలమీదుగా దాటుకుంటూ ముందుకొస్తుంటే ఖుత్బా మధ్యలోనే ఆపి, కూర్చోమన్నారు, జనాన్ని బాధపెట్టావన్నారు. అతను వస్తున్నది నమాజు మొదటి సఫ్ కోసమే అయినా సరే!

వీటన్నిటికన్నా నా మనసుకు హత్తుకున్న సంఘటన ఒకటుంది. హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించారు. దైవప్రవక్త (స) సన్నిధికి ఒక పాత్రలో పానీయం వచ్చింది. ఆయన తాగారు. కుడివైపున ఒక కుర్రవాడు ఉన్నాడు, ఎడమవైపున పెద్దలున్నారు. పద్ధతి ప్రకారం తర్వాతి వంతు కుడివైపు వారిది. పెద్దలకు ముందుగా ఇవ్వాలన్నది ఆయన కోరిక. అయినా పాత్రను వారివైపు తిప్పలేదు. కుర్రవాడిని అనుమతి అడిగారు. మీనుంచి లభించే నా వాటాను నేనెవరికీ వదులుకోను అన్నాడతను. పాత్ర అతని చేతికే ఇచ్చారు. ఒక్కసారి ఆలోచించండి. అడిగినవారు అల్లాహ్ ప్రవక్త. ఆగినవారు పెద్దవాళ్లు. వంతు మాత్రం పిల్లవాడిది. అతను ఇవ్వనన్నాడు, అంతటితో సరి. మన ఇళ్లలో దావత్‌కు పిల్లల్ని లేపేసి పెద్దల్ని కూర్చోబెట్టే తీరును దీని పక్కన పెట్టి చూసుకోండి.

ఇక ప్రయాణాల సంగతి. హజ్ యాత్రను మించిన రద్దీ ఆ కాలంలో ఏముంటుంది? మినాలో తమకు నీడగా ఒక కట్టడం కట్టిస్తామని సహచరులు అడిగితే దైవప్రవక్త (స) వద్దన్నారు. మినా ముందుగా వచ్చినవారు దిగే చోటు అన్నారు. ఈ సంగతి హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా తిర్మిజీలో ఉంది. అలాగే జమ్‌జమ్ దగ్గర జనానికి నీళ్లు పోసే చోటికి ఆయన వచ్చినప్పుడు పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) ఇంట్లోంచి వేరే నీళ్లు తెప్పించబోయారు. అందరి చేతులూ పడిన నీళ్లు కదా అని ఆయన ఉద్దేశం. దైవప్రవక్త (స) మాత్రం అందరూ తాగే ఆ నీళ్లే తాగారు. అక్కడ ఆయనకు వేరే దారి కావాలంటే కాదనేవాడు ఎవడు? ఆయనే వద్దనుకున్నారు.

అయితే వరుస అన్నది రాయిమీద చెక్కిన గీత కూడా కాదు. ముజ్దలిఫా రాత్రి హజ్రత్ సౌదా (రజి) తాను భారీ శరీరురాలినని, మెల్లగా నడుస్తానని, జనం ఒత్తిడికి ముందే బయల్దేరుతానని అనుమతి అడిగితే దైవప్రవక్త (స) ఇచ్చారు. మన ఫిఖ్హ్ పండితులు దీన్ని ఖాజీ కచేరీ దాకా తీసుకెళ్లారు. హిజ్రీ 676లో మరణించిన ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహి అలైహి) తమ ‘మిన్‌హాజ్’లో చెప్పినదాని సారం ఇది: ముందొచ్చినవారి వ్యాజ్యం ముందు వినాలి. ఎవరు ముందో తేలకపోతే చీటీలు వేయాలి. ప్రయాణానికి సిద్ధమై నిలబడ్డవారిని, స్త్రీలను మాత్రం వెనుక వచ్చినా ముందుకు పిలవవచ్చు, వారి సంఖ్య మరీ ఎక్కువ కానంతవరకు. ఆ చివరి షరతు చూడండి! ముందుకు పిలిచేవారే ఎక్కువైపోతే వరుసలో నిలబడ్డవారికి అన్యాయం జరుగుతుందని ఏడు వందల ఏళ్లకు పైగా క్రితమే గమనించారు.

కాబట్టి ముందుకు వెళ్లడానికి షరీఅత్ గుర్తించిన కారణాలు రెండు. ముందుగా రావడం ఒకటి, నిజమైన అవసరం ఇంకొకటి. డబ్బు ఈ రెండింటిలోనూ లేదు. అంటే డబ్బిచ్చి తీసుకున్న ప్రతి సౌకర్యమూ హరామ్ అనా? కాదు. ఇక్కడే కొంచెం నిదానంగా చదవండి. అమ్మేవాడు తనది కానిదాన్ని అమ్మరాదు అన్నది వ్యాపార నియమాల్లో మూలసూత్రం. విమానాశ్రయం వారికి ఒక గది ఉంది, ఒక ద్వారం ఉంది, పనివారు ఉన్నారు. వీటితో వేరుగా ఒక సేవ ఏర్పాటు చేసి రుసుము తీసుకుంటే అది ఇజారా, అంటే అద్దె, కూలి వంటి ఒప్పందం. అందులో తప్పు లేదు. కానీ ఇప్పటికే నిలబడి ఉన్న మనిషి వంతు విమానాశ్రయం ఆస్తి కాదు. అది ఆ మనిషిది. దాన్ని మూడోవాడు అమ్మలేడు.

ఇప్పుడు మీ సభ్యత్వాన్ని ఈ కొలతతో చూద్దాం. మీరు ఏది తీసుకున్నారో రాయలేదు, అందుకని రెండింటి సంగతీ చెబుతాను. అమెరికాలో తనిఖీ చేసేది టి.ఎస్.ఏ. అనే ప్రభుత్వ సంస్థ. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఆ సంవత్సరమే ఏర్పడింది. 2011లో అది ‘ప్రీచెక్’ అనే ఏర్పాటు మొదలుపెట్టింది. వేలిముద్రలు తీసుకుని, మనిషి పూర్వాపరాలు ముందే విచారించి, నమ్మకం కుదిరినవారికి వేరే వరుసలో తేలికపాటి తనిఖీ చేస్తారు. ఐదేళ్లకు 80 డాలర్ల అటూఇటూ రుసుము. ఇక్కడ తనిఖీ పని కొంత ముందే జరిగిపోయింది. మీరు వేరే వరుసలో వెళ్లడం వల్ల మామూలు వరుసలో ఒక మనిషి తగ్గుతాడు కూడా. ఇది లంచం కాదు. రుసుము అధికారికంగా ప్రకటించినది, ముట్టేది సంస్థకు, రసీదు ఉంటుంది, అర్హత ఉన్న ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. నిస్సంకోచంగా వాడుకోండి.

రెండోది ‘క్లియర్’. ఇది ప్రభుత్వానిది కాదు, ప్రైవేటు కంపెనీ. ఏడాదికి సుమారు 200 డాలర్లు తీసుకుంటుంది. కళ్లు, వేలిముద్రలు, ముఖం ద్వారా మిమ్మల్ని గుర్తుపట్టి, వారి ఉద్యోగి వెంటబెట్టుకుని వెళ్లి గుర్తింపు తనిఖీ వరుసలో ముందు నిలబెడతాడు. మీ ఇంటావిడను ఇబ్బంది పెట్టింది ఈ దృశ్యమే అయి ఉంటుంది. అప్పటికి వంతు వచ్చిన మనిషిని ఆగమని సైగ చేసి మిమ్మల్ని పంపిస్తారు. ఇలాంటి కంపెనీలు తమ సభ్యులకు పూర్తిగా వేరే వరుస పెట్టుకోవాలని 2024లో కాలిఫోర్నియా రాష్ట్ర సెనేటులో ఒక బిల్లు కూడా వచ్చింది, నెగ్గలేదు. అంటే బాధ మీ ఇంటావిడ ఒక్కరిదే కాదన్నమాట. ఇది కూడా లంచం కాదు, ఎందుకంటే అనుమతి బహిరంగంగా ఉంది. కానీ వేరే ద్వారం లేకుండా సాధారణ వరుస తలమీద నిలబెట్టేచోట నిలబడ్డవారి వంతు వారిని అడగకుండానే వెనక్కి జరుగుతోంది. నా దృష్టిలో ఇది కరాహత్ లేనిది కాదు, మానుకోవడం మంచిది. విమానాశ్రయంలో అడుగుపెట్టేవారు అక్కడి నిబంధనలకు ఒప్పుకున్నట్టే, కాబట్టి దోషం లేదు అనే ఆలిములూ ఉండవచ్చు. వారి మాటకూ ఆధారముంది. నేను మాత్రం ఆ కుర్రవాడి చేతిలో పాత్ర గుర్తొచ్చి అలా అనలేకపోతున్నాను.

బ్రిటన్‌లో పలు విమానాశ్రయాలు ఏ విచారణా లేకుండా కొన్ని పౌండ్లకే ఒక్క ప్రయాణానికి ‘ఫాస్ట్ ట్రాక్’ అమ్ముతాయి. తనిఖీ అందరికీ ఒకటే, వరుస మాత్రం వేరు. కొనేవాడికి ఇది జాయిజే. అయితే అమ్మేవాడి మీద ఒక బాధ్యత ఉంది. సాధారణ ప్రయాణికుడు ఊరికే నిలబడటం లేదు, అతనూ డబ్బు కట్టాడు. అమెరికాలో ఒకవైపు ప్రయాణానికి 5 డాలర్ల 60 సెంట్లు భద్రతా రుసుముగా టికెట్టులోనే కలుస్తుంది. మన దేశంలోనూ విమాన భద్రతా రుసుము ప్రతి టికెట్టులో ఉంటుంది. అలా డబ్బు తీసుకుని, ఖరీదైన వరుసకు గిరాకీ పెరగాలని మామూలు వరుసలో కావాలని మనుషుల్ని తగ్గిస్తే అది కొలతల్లో దగా చేయడమే. సూరె ముతఫ్ఫిఫీన్ మొదటి ఆయతులు అలాంటివారి గురించే హెచ్చరిస్తున్నాయి. ఎమర్జెన్సీ టోకెన్ పేరుతో రెట్టింపు ఫీజు తీసుకుని, పొద్దున్నే వచ్చి కూర్చున్న రోగుల్ని సాయంత్రం దాకా కూర్చోబెట్టే మన ఊరి క్లినిక్కులకూ ఇదే వర్తిస్తుంది.

ఇక లంచం ఏది? కౌంటరు దగ్గర ఉద్యోగికో, పోర్టరుకో చేతిలో నోటు పెట్టి వరుస తప్పించుకోవడం లంచమే. ఇచ్చేవాడినీ పుచ్చుకునేవాడినీ దైవప్రవక్త (స) శపించారు. దీనికి మనవాళ్లు ఒక సాకు చెబుతుంటారు. జులుం తప్పించుకోవడానికి ఇస్తే ఇచ్చేవాడికి పాపం లేదని అల్లామా ఇబ్నె ఆబిదీన్ షామీ (రహ్మతుల్లాహి అలైహి) రాశారు కదా అని. రాశారు, నిజమే. పుచ్చుకున్నవాడికి మాత్రం అది హరామే అని కూడా రాశారు. కానీ క్యూ పొడుగ్గా ఉండటం జులుం కాదండీ! అందరితోపాటు మనమూ నిలబడటమే అది. జులుం అంటే పేరు కలిసిందన్న కారణంగా ప్రతిసారీ మిమ్మల్ని మాత్రమే పక్కకు తీసి గంటలు గంటలు ప్రశ్నించడం. ఆ బాధ అమెరికాలోని మన సోదరులు చాలామందికి అనుభవమే. దానికి కూడా ధర్మసమ్మతమైన మార్గం ఉంది. ‘డి.హెచ్.ఎస్. ట్రిప్’ అనే ఫిర్యాదు విధానం 2007 నుంచి నడుస్తోంది. దరఖాస్తుకు రుసుము లేదు. వారిచ్చే నంబరును టికెట్టు తీసుకునేటప్పుడు రాయాలి.

మన దేశంలో ఉన్నవారికీ ఒక మాట. హైదరాబాద్ సహా పలు విమానాశ్రయాల్లో ‘డిజియాత్ర’ ద్వారా ప్రవేశం సులభమవుతుంది, ప్రయాణికుడు డబ్బు కట్టనక్కర్లేదు. విదేశాలకు తరచూ వెళ్లేవారికి ఇమిగ్రేషన్ దగ్గర వేగంగా వెళ్లే ప్రభుత్వ పథకం 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై 2025 జనవరిలో హైదరాబాద్‌కూ వచ్చింది. అదీ ఉచితమే.

మీరు అడగనిది ఒకటి చెప్పకుండా ఉండలేను. 2019లో నేను మా అమ్మీని తీసుకుని ఒక గ్రూపుతో ఉమ్రాకు వెళ్లాను. పెద్ద వయసు ఆడవాళ్లందరి పేరిటా వీల్‌చెయిర్ రాయించేశానని, తనిఖీలన్నీ ముందుగా అయిపోతాయని ఏజెంటు చెప్పాడు. డబ్బేమీ అక్కర్లేదన్నాడు. అమ్మీకి అరవై దాటాయి గానీ రోజూ పొద్దున ఫజర్ తర్వాత రెండు కిలోమీటర్లు నడుస్తుంది. నాకు తెలుసు. అయినా నోరు మూసుకున్నాను. సామాను ఎక్కువ, మనుషులు ఎక్కువ, త్వరగా అయిపోతే మంచిదే కదా అనుకున్నాను. విమానాశ్రయంలో కుర్చీలు చాలలేదు. మా పక్కన వేరే గ్రూపులోని ఒక ముసలాయన కొడుకు భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాళ్లు వణుకుతున్నాయి. ఆయన పేరు జాబితాలో ఉంది, కుర్చీ మాత్రం ఇంకా రాలేదు. అమ్మీ కాసేపు ఆయనవైపు చూసి, కుర్చీలోంచి లేచి నిలబడింది. “యహీచ్ పఢ్కే ఆయే క్యా రే?” అంది నాతో. నువ్వు చదువుకొచ్చింది ఇదేనా అని. ఏడేళ్లు మదర్సాలో అరబీ చదివిన నేను తల దించుకుని కుర్చీని ఆయన దగ్గరికి తోసుకెళ్లాను. ఆ తర్వాత అమ్మీ, నేను మామూలు వరుసలోనే వెళ్లాం. నలభై నిమిషాలు పట్టింది. విమానం తప్పిపోలేదు.

డబ్బు కట్టిన సభ్యత్వం గురించి మథనపడే మనం, పైసా ఖర్చు లేని ఈ అబద్ధం గురించి అడగనైనా అడగం. ఇందులో అబద్ధం ఉంది, మోసం ఉంది, నిజంగా నడవలేని మనిషి హక్కును లాక్కోవడం ఉంది. ఇది ముమ్మాటికీ నాజాయిజ్, అందునా ఇహ్రామ్ కట్టుకుని! మోకాళ్లు నొప్పులున్నవారు, గర్భిణులు, ఆపరేషన్ అయినవారు నిస్సందేహంగా అడగవచ్చు. వారికి హజ్రత్ సౌదా (రజి) సంఘటనే ఆధారం.

వరుసలో ఉన్నవాడు స్నేహితుణ్ణి పిలిచి తన ముందు నిలబెట్టుకోవడం గురించి కూడా చాలామంది పొరబడతారు. మీ వంతును మీరు ఇచ్చేయవచ్చు, అంటే మీరు అతని స్థానానికి వెళ్లి అతన్ని మీ స్థానంలో నిలబెట్టవచ్చు. మీరు అక్కడే ఉండి ఇంకొకరిని చేర్చుకుంటే మీ వెనుక ఉన్న ప్రతి ఒక్కరి అనుమతీ కావాలి. పిల్లల్ని ఎత్తుకున్న తల్లి కనబడితే వెనుకవారిని ఒక మాట అడిగి చూడండి. సాధారణంగా ఎవరూ కాదనరు.

ఇక మీ ఏడు నెలల గడువు సంగతి. మీది ప్రీచెక్ అయితే అలాగే కొనసాగించండి. క్లియర్ అయితే పునరుద్ధరించకండి. మిగిలిన గడువులో దానికి వేరే వరుస ఉన్నచోట వాడుకోండి. నిలబడ్డవారి ముందుకు తీసుకెళ్లి నిలబెట్టేచోట ఆ ఉద్యోగికి మర్యాదగా వద్దని చెప్పి మామూలు వరుసలోకి వెళ్లండి. కట్టిన డబ్బు గురించి బాధపడకండి, మీరు తెలియక కట్టారు. ఇంతకుముందు వెళ్లిన ప్రయాణాలకు ఇస్తిగ్‌ఫార్ చేసుకుంటే చాలు, కఫ్ఫారా ఏమీ లేదు. మీ ఇంటావిడకు ఈ జవాబు చదివి వినిపించండి.

వల్లాహు ఆలమ్.